కట్టేసిన చేతిదే బాధ్యత

రోహిణి కార్తెలో రోళ్లు సైతం పగులుతాయని మన పెద్దలు ఊరకే అనలేదు. ఆ రోజుల్లో మనం ఇంటి కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టుకుంటాము, కొత్త కుండలో నీళ్లు నింపుకుంటాము, పిల్లలను మధ్యాహ్నం గడప దాటనివ్వము. అయితే గేటు దగ్గరో, తోటలోనో, మేడ మీదనో మనకోసం కాపలా కాస్తున్న కుక్క మాట మనలో ఎందరికి గుర్తుంటుంది? మాకూ గుర్తుండలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికే ఈ మాసం ఈ శీర్షికను వినియోగిస్తున్నాము.

మా మామిడితోటకు కాపలాగా ఒక కుక్క ఉంది. కాలూ అని పిలుస్తాము. గత వేసవిలో ఒక శుక్రవారం, కాయలు కొనేవారు వస్తారని ఉదయం తొమ్మిదింటికి దానిని వేపచెట్టుకు పడమటి వైపున్న గుంజకు గొలుసుతో కట్టాము. అప్పుడక్కడ చక్కని నీడ ఉంది. రేకు గిన్నెలో నీళ్లు పోశాము. తరువాత స్నానాలు, జుమా నమాజు, భోజనాలు. మేము తిరిగి తోటకు వెళ్లేసరికి రెండున్నర దాటింది. నీడ ఎప్పుడో చెట్టు మొదటికి జరిగిపోయింది. గొలుసు అంత దూరం అందదు. గిన్నె బోర్లాపడి ఉంది. కాలూ మట్టిని గోళ్లతో తవ్వి, ఆ గుంటలో పొట్ట ఆనించి పడుకొని ఉంది. నాలుక ముదురు ఎరుపెక్కి వేలాడుతోంది. నోటి నుండి చిక్కని చొంగ కారుతోంది. లేవబోయి తూలి పడిపోయింది.

పశువైద్యుడు ఫోనులో చెప్పినట్లు చేశాము. అల్లాహ్ దయవల్ల అది బ్రతికింది. ఆ సాయంత్రం మా దాదీమా కోప్పడలేదు. ఒక్క మాట మాత్రం అన్నారు: “బేటా, గొలుసు లేకుంటే అది నడిచి నీడకు పోయేది. నీళ్లున్న చోటు వెతుక్కునేది. దాని కాళ్లను మీరు కట్టేశారు. ఇక దాని బదులు మీరే నడవాలి కదా!”

దప్పికతో తడిమట్టి నాకుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, తోలు మేజోడులో నీళ్లు నింపి, దానిని పళ్లతో పట్టుకొని పైకెక్కిన బాటసారి వృత్తాంతం మనకందరికీ తెలిసినదే. అల్లాహ్ అతని పాపాలను క్షమించాడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) తెలిపారు. ఆ కుక్క అతనిది కాదు. దానిని కట్టేసినవాడూ అతను కాడు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కోవడానికి వదలనూ వదలక చంపిన స్త్రీ శిక్షకు గురైనట్లు మరో హదీసు చెబుతోంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, కట్టని జీవికి నీళ్లు పోయడం పుణ్యమనీ, కట్టిన జీవికి నీళ్లు పోయడం మన మీద ఉన్న అప్పు అనీ తెలుస్తుంది.

కొందరు శుచి గురించి సందేహపడతారు. పొలానికి, మందకు, వేటకు కుక్కను ఉంచుకోవడానికి ధర్మం అనుమతించింది. కుక్క మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలని కూడా ఆదేశించింది. అందుచేత దానికి ప్రత్యేకంగా ఒక తొట్టి, ఒక పళ్లెం కేటాయిస్తే ఇంటి పాత్రల శుభ్రతకు లోటు రాదు. శుభ్రత నియమం దూరాన్ని నేర్పింది గాని నిర్లక్ష్యాన్ని నేర్పలేదు.

ఇక దాని శరీరం తీరు తెలుసుకుందాము. మనకు ఒళ్లంతా చెమట పట్టి వేడి తగ్గుతుంది. కుక్కకు చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల అడుగునే ఉంటాయి. అది ప్రధానంగా నోరు తెరచి రొప్పడం ద్వారానే వేడిని వదులుకుంటుంది. గాలి ఆడని చోట, ఉక్కపోతలో ఆ దారీ మూసుకుపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క శరీర ఉష్ణోగ్రత 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీటు వరకు ఉంటుంది. 104 దాటితే ప్రమాదం మొదలైనట్లే. పగ్ వంటి చప్పిడిముక్కు జాతులకు, ముసలి కుక్కలకు, లావెక్కిన వాటికి ముప్పు మరింత ఎక్కువ.

కనుక కట్టే చోటు ఎంచుకునేటప్పుడు ఉదయపు నీడను చూసి మోసపోకూడదు. మధ్యాహ్నం ఒంటిగంటకు, మూడింటికి నీడ ఎక్కడుంటుందో చూసి కట్టాలి. రేకుల కప్పు కింద నీడ ఉన్నా కొలిమిలా ఉంటుంది. చెట్టు నీడ, పూరిపాక మేలు. నీళ్లకు రేకు గిన్నె పనికిరాదు. బరువైన మట్టి తొట్టి గాని సిమెంటు తొట్టి గాని గొలుసుకు అందే దూరంలో ఉంచి, పూటపూటకూ నీళ్లు మార్చాలి. వ్యాహ్యాళికి తీసుకువెళ్లేవారు ఫజ్ర్ తరువాత, లేదా మగ్రిబ్ దాటి నేల చల్లారాక వెళ్లాలి. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుపై ఏడు సెకన్లు ఆనించలేకపోతే ఆ నేల దాని పాదాలను కాలుస్తుంది. ఆగి ఉన్న కారులో దానిని నిమిషమైనా వదలరాదు. వేసవిలో పిడుదులు విపరీతంగా పెరిగి ప్రాణాంతకమైన జ్వరాలను అంటిస్తాయి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో వారానికొకసారైనా వెతకాలి.

వడదెబ్బ తగిలితే వెంటనే నీడకు చేర్చి, పొట్ట, తొడల లోపలి భాగం, పాదాలు, మెడ తడిసేలా నీళ్లు పోస్తూ విసరాలి. మే నెలలో మేడమీది ట్యాంకు నీళ్లు సలసల కాగుతుంటాయి. బావి నీళ్లో, కుండ నీళ్లో వాడాలి. తడి గుడ్డ కప్పి అలాగే వదిలేస్తే లోపలి వేడి బయటకు పోదు. స్పృహ ఉంటే కొద్దికొద్దిగా తాగనివ్వాలి. నోట్లో బలవంతంగా పోయరాదు. లేచి తిరిగినా వైద్యునికి చూపించవలసిందే. లోపలి అవయవాలకు కలిగిన హాని కొన్నిసార్లు మరునాడు గాని బయటపడదు. తెలుగు రాష్ట్రాలు రెంటిలోనూ సంచార పశువైద్య సేవల కోసం 1962కు ఫోను చేయవచ్చు.

పండుగనాటి ప్రేమలోనూ జాగ్రత్త అవసరం. షీర్ ఖుర్మాలోని కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలను పాడుచేయగలదు. బిర్యానీలోని ఉల్లిపాయ దాని రక్తాన్ని దెబ్బతీస్తుంది. ఉడికిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఈ కొన్నేళ్లుగా బక్రీద్ ఎండాకాలంలోనే వస్తున్నది. ఖుర్బానీ జంతువు కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఒక్కొక్కప్పుడు నీటి తిత్తులు కనిపిస్తాయి. వాటిని పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో పురుగులు పెరిగి, వాటి గుడ్లు మలంతో బయటపడి, చివరికి మన పిల్లల కడుపులోకి చేరవచ్చు. వ్యర్థాలను కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చడం పొరుగువారి హక్కు కూడా.

వీధికుక్కల కోసం ప్రహరీ పక్కన, పిల్లలు ఆడని చోట నీళ్ల తొట్టి పెట్టండి. దాహంతో, వేడితో ఉన్న కుక్కను పిల్లలు తాకకుండా చూడండి. పెంచే కుక్కకు ఏటా రేబీస్ టీకా వేయించండి. కుక్క కరిస్తే గాయాన్ని 15 నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి తక్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. కారం, సున్నం వంటివి పూయరాదు.

ఇప్పుడు మా తోటలో జుమాకు బయలుదేరే ముందు ఒకరు వేపచెట్టు దాకా నడిచి వస్తారు. కాలూను నీడ నిలిచే చోటికి మార్చి, తొట్టి నింపి, ఆ తరువాతే వుజూ చేసుకుంటారు. దాదీమా చెప్పిన నడక అదే. మన చేతులతో కట్టిన ప్రతి జీవి విషయంలోనూ జవాబు చెప్పుకోగలిగే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.