క్రిమి అక్షరాలు ఎవరి సొత్తు?

మొన్న మా వూళ్ళో జరిగిన చర్చాగోష్ఠిలో ఒక మిత్రుడు లేచి ఇలా అన్నాడు: "తిండి లేక జనం క్షయతో చస్తున్న దేశంలో రోగక్రిముల జన్యుక్రమాలు చదవటానికి కోట్లు తగలెయ్యటం షోకు. ఆ డబ్బుతో రోగులకు గుడ్లూ పప్పూ కొనిపెట్టండి." సభలో చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్ళలో నా విద్యార్థులూ వున్నారు. ఆవేళ వేళ మించిపోయి నేను చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ చెబుతాను. చెప్పక తప్పదు, ఎందుకంటే ఆ వాదంలో సగం నిజం వుంది. పచ్చి అబద్ధాన్ని ఎవరైనా అనుమానిస్తారు. సగం నిజాన్ని మనం నెత్తిన పెట్టుకుని వూరేగిస్తాం.

ముందు ఈ "చదవటం" అంటే ఏమిటో చూద్దాం. మనకున్నట్టే రోగక్రిమికీ వంశలక్షణాలను మోసే లిపి ఒకటి వుంది. కరోనా వైరస్‌లో ఆ లిపి సుమారు 30,000 అక్షరాలు. క్షయక్రిమిలో 44 లక్షల పైచిలుకు. క్రిమి పిల్లలు పెట్టేటప్పుడు ఆ అక్షరాలలో తప్పులు దొర్లుతాయి. ఆ తప్పుల్లో కొన్ని దానికి కలిసివస్తాయి: మందుకు లొంగకుండా చేస్తాయి, లేదా మరింత వేగంగా పాకేట్టు చేస్తాయి. తప్పు ఎక్కడ దొర్లిందో చదవగలిగితే ఏ మందు పనికిరాదో, రోగం ఏ దారిన వచ్చిందో తెలుస్తుంది.

క్షయక్రిమి మహా నెమ్మదిగా పెరుగుతుంది. దాన్ని ప్రయోగశాలలో పెంచి, ఏ మందుకు లొంగుతుందో పరీక్షించటానికి వారాలు పడుతుంది. అన్ని వారాలూ రోగి పనిచెయ్యని మందు మింగుతూ, ఇంట్లోవాళ్ళకు రోగం అంటిస్తూ వుండవచ్చు. రెండు గంటల్లో తేల్చే యంత్రాలు వచ్చాయి గదా అంటారు. వచ్చాయి, మన ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్కువగా వాడుతున్నవి రిఫాంపిసిన్ అనే ఒక్క మందు సంగతే చెబుతాయి. మిగతా మందుల సంగతి ఒక్క పట్టున తెలియాలంటే జన్యుక్రమం చదవాలి. ఇంగ్లండులో 2017 నుంచి అది క్షయకు మామూలు పరీక్ష. అక్కడ క్షయ అరుదు. ప్రపంచంలోని క్షయరోగుల్లో నాలుగోవంతు మంది వున్న దేశంలో మాత్రం అది షోకు అట!

మిత్రుడికి ఒక సంగతి గుర్తుచేస్తాను. బెడాక్విలిన్ అనే క్షయ మందు మీద తన గుత్తహక్కును మరికొన్నేళ్ళు పొడిగించమని ఒక అమెరికన్ కంపెనీ మన పేటెంటు కార్యాలయాన్ని అడిగింది. దాన్ని ఎదిరిస్తూ అర్జీ పెట్టిన వాళ్ళలో క్షయ నుంచి బతికి బయటపడిన ఇద్దరు స్త్రీలున్నారు. ఒకరు మన దేశస్థురాలు, ఒకరు దక్షిణాఫ్రికా దేశస్థురాలు. పాత పద్ధతి చికిత్సలో వాడిన మందుల విషానికి ఇద్దరూ వినికిడి పోగొట్టుకున్నారు. 2023 మార్చిలో పేటెంటు కార్యాలయం కంపెనీ కోరికను తోసిపుచ్చింది. ఏ క్రిమి ఏ మందుకు లొంగదో సకాలంలో తెలియటం, మంచి మందు చవగ్గా దొరకటం - ఈ రెండిటి మీదా మనిషి చెవులు ఆధారపడి వుంటాయి. ఇది షోకు వ్యవహారం కాదు.

మరి మిత్రుడి మాటలో నిజం ఎక్కడుంది? క్రిమి జన్యుక్రమాల పేరిట మన పాలకులు పెట్టే పథకాల నడతలో వుంది.

క్షయక్రిమి జన్యుక్రమం మొదటిసారి 1998లో వెలువడింది. చదివింది ఇంగ్లండు, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు. చదివిన క్రిమి 1905లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక రోగి నుంచి తీసి, అప్పటి నుంచీ ప్రయోగశాలల్లో పెంచుతూ వచ్చిన రకం. క్షయతో అత్యధికంగా చచ్చే దేశం మనది. క్షయక్రిమి మొదటి గ్రంథం రాసుకున్నది మాత్రం మనం కాదు. పోనీ, తర్వాతైనా మేలుకున్నామా? 2008లో సీఎస్ఐఆర్ "ఓపెన్ సోర్స్ డ్రగ్ డిస్కవరీ" అనే పథకం పెట్టింది. గుట్టు లేకుండా పదిమందీ కలిసి క్షయకు మందు కనిపెట్టాలనీ, దాని మీద ఎవరికీ గుత్తహక్కు వుండరాదనీ దాని సంకల్పం. 2010లో వందలాది మంది విద్యార్థులూ పరిశోధకులూ క్షయక్రిమిలోని సుమారు 4,000 జన్యువులను పంచుకుని, ఏది ఏ పని చేస్తుందో వెతికి కూర్చారు. జీతం కోసం కాదు, వుత్సాహంతో చేశారు. పని కంటే ప్రచారం పెద్దదైందని కొందరు శాస్త్రజ్ఞులు అప్పుడే విమర్శించారు. ఆ విమర్శ కొట్టిపారెయ్యదగింది కాదు. కానీ దానికి విరుగుడు పనిని పెంచటం గదా? ఆ వుత్సాహానికి తగిన డబ్బు తర్వాతి ప్రణాళికలో రాలేదు. కొన్నేళ్ళలో అది చడీచప్పుడూ లేకుండా చల్లారిపోయింది. ప్రకటనకు పత్రికల మొదటి పేజీ దొరికింది; చావుకు మూలన చిన్న వార్త కూడా దొరకలేదు.

ఇప్పుడు కరోనా సంగతి చూడండి. 2020 డిసెంబరు చివర, బ్రిటన్‌లో కొత్త రకం వైరస్ పుట్టిందన్న భయంతో, కేంద్ర ప్రభుత్వం పది ప్రయోగశాలలను కలిపి "ఇన్సాకాగ్" అనే కూటమిని పెట్టింది. హైదరాబాదులోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ రెండూ అందులో వున్నాయి. వ్యాధి నిర్ధారణ అయిన ప్రతి నూరు నమూనాల్లో అయిదింటిని చదవాలని లక్ష్యం పెట్టుకున్నారు. లక్ష్యం బాగానే వుంది. అయితే మొదటి విడత డబ్బు చేతికొచ్చేసరికి రెండో అల గడప దాటి ఇంట్లోకి వచ్చిందనీ, విదేశీ టెండర్ల మీద 2020లో పెట్టిన ఆంక్ష వల్ల దిగుమతి రసాయనాలు అందక పని కుంటుపడిందనీ అప్పటి పత్రికలు రాశాయి. ఫలితం ఆరోగ్యశాఖ లెక్కలోనే కనబడుతుంది. 2021 మార్చి 24న ఆ శాఖ చేసిన ప్రకటన ప్రకారం రాష్ట్రాలు పంపిన 10,787 నమూనాల్లో ఆందోళన కలిగించే రకాలు 771. వాటిలో 736 బ్రిటన్ రకమే. దేశంలో ఆ వారం రోజుకు 40,000కు పైగా కొత్త కేసులు వస్తున్నాయి. నూటికి అయిదు కాదు గదా, ఒకటి కూడా చదవటం లేదు.

ఇందులోని అసలు విషాదం మరొకటి. తర్వాత డెల్టా అనే పేరుతో మన ఇళ్ళలో శవాలు లేపిన వంశం 2020 అక్టోబరులోనే మన దేశపు నమూనాల్లో వుంది. విమానాశ్రయంలో దిగేవాడి ముక్కులో ఏముందోనని చూస్తున్న కళ్ళు, విదర్భ పట్టణాల్లో దగ్గుతున్నవాడిని ఆలస్యంగా చూశాయి. ఎవరి భయం డబ్బు మంజూరు చేయిస్తుందో, క్రిమిని వాళ్ళ కిటికీలోంచే వెతుకుతారు. ఇది ఏ ఒక్క శాస్త్రజ్ఞుడి తప్పూ కాదు. పథకం వర్గస్వభావమే అది. భయం వేసినప్పుడు డబ్బు వస్తుంది. పైవాళ్ళ భయం తీరగానే ఆగిపోతుంది. కూలివాడి క్షయకు ఎవరూ భయపడరు గనక అది ఏటా సుమారు మూడు లక్షల మందిని చంపుతూ కూడా ఎవరినీ తొందరపెట్టదు.

ఇక చదివిన అక్షరాలు ఎవరి దగ్గర వుండాలి అనేది రెండో ప్రశ్న. 2021 ఏప్రిల్ నెలాఖరున వందలాది మంది శాస్త్రజ్ఞులు, రోగసమాచారాన్ని పరిశోధకులందరికీ తెరవమని ప్రధానమంత్రికి బహిరంగంగా అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. ప్రజాధనంతో పోగుచేసిన లెక్కలు చూడటానికి శాస్త్రజ్ఞులే అర్జీ పెట్టుకోవాలా? మే నెలలో, ఇన్సాకాగ్ సలహా సంఘానికి అధ్యక్షుడుగా వున్న షాహిద్ జమీల్, ఆధారాలకు ప్రభుత్వం చెవి వొగ్గటం లేదని ఒక పత్రికలో రాసిన కొద్దిరోజులకే ఆ పదవి నుంచి తప్పుకున్నారు.

తాళం వేసిన చోట పుకారు పుడుతుంది. మనవైపు ఆ నెలలో ఏం జరిగిందో మీరు మరిచిపోయి వుండరు. "ఎన్440కె" అనే రకం కర్నూలులో పుట్టిందనీ, పదిహేనింతలు ప్రమాదకరమనీ వూరూవాడా మాట్లాడుకున్నారు. అది తగ్గిపోతున్న రకమనీ, దాని చోటును వేరే రకం ఆక్రమిస్తున్నదనీ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు చెప్పారు. కానీ అప్పటికే ఆంధ్రానుంచి వచ్చేవాళ్ళను చూసి ఇతర రాష్ట్రాలు జడుసుకుంటున్నాయి. ఆ రకం గురించి మాట్లాడినందుకు ప్రతిపక్ష నాయకుడి మీద కర్నూలులో పోలీసు కేసు పెట్టారు. పుకారును నేను సమర్థించటం లేదు. వారం వారం జిల్లాలవారీగా ఏ రకం ఎంత వుందో గోడమీద అంటించి వుంటే పోలీసుతో పనేముండేది? క్రిమి సమాచారం శాంతిభద్రతల సమస్య అయిన చోట ప్రజారోగ్యం ఆఖరి బెంచీలో కూర్చున్నట్టే.

ఈ జబ్బు ఇవాళ్టిది కాదు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుక్కున్నాడు. 1902లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ దోమలను తన ఒంటిమీద కుట్టించుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. దోమకొక అణా చొప్పున అతనికి ముట్టింది. ఆనాడు సామ్రాజ్యం అణా ఇచ్చి చేతులు దులుపుకుంది. ఇవాళ మన ముక్కులోంచి, కళ్ళెలోంచి తీసుకున్న నమూనాకు అణా కూడా అక్కర్లేదు. నేనడిగేదీ అణా కాదు. ఆ నమూనాలో ఏముందో నాకూ, నా వైద్యుడికీ, నా జిల్లాకూ తెలియాలి.

మూడో సంగతి చెప్పి ముగిస్తాను. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి కరోనా కాలంలో ఒక ప్రయోగశాలలో ప్రాజెక్టు వుద్యోగంలో చేరింది. రెండో అల రోజుల్లో రాత్రింబవళ్ళు నమూనాలతోనే గడిపింది. ఇంట్లో తండ్రి మంచంపట్టినా సెలవు దొరకలేదు. ప్రాజెక్టు గడువు తీరింది, ఆమె గడువూ తీరింది. ఇప్పుడు ఒక కోచింగు సెంటర్లో జువాలజీ చెబుతున్నది. ఈమధ్య కనిపించి, "వైరస్ మారుతూనే వుంది మాస్టారూ, చదివేవాళ్ళం మాత్రం లేము" అంది. ఏళ్ళ తరబడి సంపాదించిన చేతినేర్పును ఒక్క సంతకంతో వీధిలో పారబోసే పథకం దేశాన్ని కాపాడుతుందంటే నేను నమ్మను.

ఇప్పుడు గుడ్ల సంగతి. జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో క్షయరోగుల కుటుంబాలకు అదనపు ఆహారం ఇచ్చి చేసిన పరిశోధన 2023లో వెలువడింది. తిండి అందిన ఇళ్ళలో మిగతావాళ్ళకు క్షయ రావటం సుమారు 39 శాతం తగ్గింది. మిత్రుడు గెలిచాడా? గెలిచాడు. అయితే తిండికి అంత బలం వుందని రుజువు చేసింది కూడా ప్రజాధనంతో నడిచిన పరిశోధనే. రోగికి నెలకు రూ.500 చాలునని 2018లో నిర్ణయించి, దాన్ని రూ.1,000 చెయ్యటానికి 2024 నవంబరు దాకా ఆగిన చెయ్యీ, ప్రాజెక్టు అమ్మాయిని ఇంటికి పంపే చెయ్యీ ఒకటే. 2025 కల్లా క్షయను నిర్మూలిస్తామని 2018లో చాటారు. గడువు వచ్చింది, క్షయ పోలేదు. 2022లో సుమారు 32,500 క్షయక్రిమి నమూనాలను చదివే పథకమూ మొదలైంది. మంచిదే. అది కూడా 2008 నాటి పథకం దారి పట్టకుండా కాపలా కాయవలసింది మనం.

అంచేత మన కోరికలు స్పష్టంగా వుండాలి. క్రిమిని చదివే పని ఏటేటా తప్పని పద్దు కావాలి. భయం పుట్టినప్పుడు విదిల్చే విరాళం పనికిరాదు. ఆ పని మహానగరాల్లోని సంస్థల దగ్గరే ఆగకుండా జిల్లా వైద్యకళాశాలకు రావాలి. చేసేవాళ్ళకు పర్మనెంటు వుద్యోగం వుండాలి. రోగి పేరూ వూరూ గోప్యంగా వుంచి, తక్కిన సమాచారాన్ని నిర్ణీత గడువులోగా అందరికీ తెరవాలి. ఫలితం రోగి చీటీ మీదికి చేరాలి. ప్రజాధనంతో పుట్టిన జ్ఞానం నుంచి తయారైన మందు మీద ఎవరికీ గుత్తహక్కు వుండకూడదు.

చప్పట్లు కొట్టిన నా విద్యార్థులకు ఒక మాట. పేదవాడికి అన్నం కావాలి, శాస్త్రం అక్కర్లేదు అనటం పేదవాడి పక్షం వహించినట్టు వినిపిస్తుంది. కానీ పాలకులు కోరుకునేదీ అదే: శాస్త్రం వాళ్ళ దగ్గరుండాలి, మనం అన్నం దగ్గరే పోట్లాడుతుండాలి. వచ్చే నెల గోష్ఠిలో ఆ మిత్రుడే అర్జీ రాయాలని నా ప్రతిపాదన. మొదటి వాక్యంలో గుడ్లు అడగమనండి. రెండో వాక్యం నేను రాస్తాను. ఇద్దరం కిందే సంతకం పెడతాం.