తీరిక పనేనా?

కుట్లు, అల్లికలు, బొమ్మలు వేయడం నాకిష్టం. కాణిపాకంలో మా ఇంట్లో కాస్త తీరిక చిక్కితే సూదీ దారం పట్టుకుంటాను. ఆ ఆనందాన్ని స్త్రీవాదులం చులకన చేయనక్కరలేదు. అయితే, ఆ ఆనందం పేరు చెప్పే స్త్రీలకు కూలి ఎగ్గొడుతున్నారు. నరసాపురం లేసు అల్లే స్త్రీలపై మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకం చూపిందిదే. ప్రపంచ మార్కెట్టు కోసం గంటల తరబడి అల్లినా వాళ్లు 'గృహిణులే', వాళ్ల శ్రమ 'తీరిక పనే'! మా ప్రాంతపు శ్రీకాళహస్తి కలంకారీలోనూ కలం పట్టిన చేయి ఒక్కటే కనిపిస్తుంది. గుడ్డను కరక్కాయ కలిపిన పాలల్లో నానబెట్టడం, మళ్లీ మళ్లీ ఉతికి ఆరేయడం శ్రమ కాదా? మన సంఘాలు కుట్టు శిక్షణతో సరిపెట్టుకోకూడదు. పట్టిన ప్రతి గంటనూ లెక్క రాయాలి, ధరలో ఆ లెక్క కనబడాలి. మనకోసం అల్లుకోవడానికి తీరిక హక్కు. అమ్మకానికి అల్లితే కూలి హక్కు. రెండూ అడుగుదాం.