చేతితో కట్టిన గాలం



పోయిన వానాకాలంలో మేము దేవరకొండ వైపు ఒక పల్లెకు గృహ ప్రార్థన కొరకు వెళ్ళాము. పొద్దు ఇంకా చాలా ఉన్నది. ఆ ఇంటి మనుమడు అరుగు మీద కూర్చొని ఏడుస్తున్నాడు. సంగతేమిటని అడిగితే, అంగట్లో కొన్న గాలం చెరువులో తుమ్మ మొద్దుకు తగులుకొని దారంతో సహా తెగిపోయిందట. మరొకటి కొనడానికి డబ్బులు లేవు. తండ్రి హైదరాబాదులో మేస్త్రీ పనికి పోయాడు, పండుగకు గాని రాడు.

"ఎందుకేడుస్తవ్ రా, మనమే కట్టుకుందాం" అని తాత లోపలికి పోయి, పాత డబ్బాలోనుండి ఒక గాలం, నైలాన్ దారం తెచ్చాడు. దొడ్లో వెదురు కట్టె ఉన్నది. జొన్న చొప్ప బెండు నీళ్ళ మీద తేలడానికి సరిపోయింది. ఇక ఎర సంగతి. చిన్న చేపలకైతే ఎర్రలు చాలు గాని, కొర్రమీనుకు బతికిన కప్పను గుచ్చాలి. ఆ పని పిల్లవాడికి ఇష్టం లేదు.

అప్పుడు మాకొక పాత పాఠము జ్ఞాపకం వచ్చింది. మేము వేదాంత డిప్లొమా చదివే రోజుల్లో అపొస్తలుల కార్యములు బోధించిన గురువుగారు ఒక మాట చెప్పారు. పౌలు థెస్సలొనీకలోను బెరయలోను సువార్త ప్రకటించినట్లు 17వ అధ్యాయంలో చదువుతాము. అందుకు దాదాపు 150 ఏండ్ల తరువాత ఏలియన్ అనే రోమా రచయిత ఆ రెండు పట్టణాల నడుమ పారే ఒక ఏటిని గురించి వ్రాశాడు. అక్కడి జాలరులు గాలానికి ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి నీటిలో వేసేవారట. చేపలు దాన్ని ఈగ అనుకొని పట్టేవట. నేటికీ చల్లని దేశాల్లో ట్రౌట్ చేపను ఇట్లే పడతారు. బ్రిటిషువారు నూరేండ్లకు ముందే ఆ చేపను కాశ్మీరుకు, నీలగిరికి తెచ్చి వదిలారు. మన చెరువుల వెచ్చని నీటిలో అది బతకదు.

ఇది వినగానే పిల్లవాడు కన్నీళ్ళు తుడుచుకొని లేచాడు. చినిగిన స్వెటరు నుండి ఎర్ర ఉన్ని పీకాడు. పుంజు మెడ ఈకలు రెండు ఏరుకొచ్చాడు. తాత గాలం కాడకు దారం బిగించి చుట్టి, దానిమీద ఉన్ని, ఉన్నికి అటొకటి ఇటొకటి ఈకలు కట్టి, దారం జారకుండా మైనం రాశాడు.

చెరువు గట్టున రెండుసార్లు విసిరితే ఏమీ పడలేదు. మూడవసారి మమ్మును వేయమన్నారు. ఈక నీటి మీద ఇంకా నిలువకముందే పెద్ద చప్పుడైంది. కట్టె వంగిపోయింది. గట్టుకు లాగి చూస్తే కిలోకు తక్కువ లేని కొర్రమీను! రాత్రికి ఆ ఇంటివారు మాకేమి వండుతారో తలంచుకొని మా నోట నీరూరినదని దాచక చెప్పుచున్నాము.

కాని తాత మా చేతిని పట్టుకొన్నాడు. "అయ్యగారూ, అటు సూడున్రి." చేప లేచిన చోట నీటిపైన ఎర్రని పిల్లలు వందలకొలది గుంపుగా కదులుతున్నవి. "ఇది ఆకలికి పట్టలే అయ్యగారూ. పిల్లల మీదికి ఏదో వస్తుందని కొట్టింది. ఇడిసిపెట్టున్రి."

కొర్రమీను వానాకాలంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు కొంత ఎదిగేవరకు తల్లీ తండ్రీ రెండూ కావలి కాస్తవి. ఆ కావలి పోతే తక్కిన చేపలు పిల్లలను మ్రింగివేస్తవి. గాలి పీల్చే చేప గనుక బయట కొంతసేపు ఉన్నా చావదు. తాత మెల్లగా గాలం తిప్పి తీసి నీళ్ళలో వదిలాడు. కాసేపటికి ఆ ఎర్రని గుంపు ప్రక్కన నీళ్ళు కదిలినవి. "పోయింది తాతా, పిల్లల కాడికే పోయింది!" అని పిల్లవాడు కేక వేశాడు.

తాత ఒక రాయి తీసికొని, గాలం కొన వెనుకనున్న చిన్న ముల్లును కొట్టి అణచాడు. ఈసారి వదలవలసి వస్తే చేపకు గాయం కాకూడదని. అమెరికా పడమటి నదులలో స్టీల్‌హెడ్ అనే చేప సముద్రమునకు పోయి, గుడ్లు పెట్టడానికి తిరిగి నదికే వస్తుంది. అక్కడ కూడా చేతితో ఈకలు కట్టే వారు ఆ ముల్లును అణచివేస్తారు. అనేక నదులలో సహజంగా పుట్టిన స్టీల్‌హెడ్‌ను తిరిగి వదలాలని నియమమున్నది. మన తాత ఆ నియమం ఎన్నడూ చదువలేదు.

ద్వితీయోపదేశకాండము 22:6, 7 వచనములు తెరచి చూడండి. గూటిలో పిల్లలమీదనున్న తల్లిపక్షిని పట్టక విడిచిపెట్టవలెనని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞతో మేలును, దీర్ఘాయువును ముడిపెట్టెను. మేము ఆ వాక్యము మీద రెండుసార్లు ప్రసంగించినాము. దాని అర్థము మాత్రం ఆ గట్టుమీద నేర్చుకొన్నాము.

2016లో మన రాష్ట్రం కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది. పేరు పెట్టినంత మాత్రాన చెరువు నిండదు. వానలు పడిన నెలల్లో సన్న కన్నుల వలతో పిల్లలను ఊడ్చి అమ్మితే, వచ్చే ఏడు మన పిల్లల గాలానికి ఏమి పడుతుంది? నీటిపైన ఎర్రని గుంపు కనబడితే కట్టె ఎత్తి మరొక చోటికి నడవండి. ఆ ఒక్క పూట కూర తగ్గినా నష్టము లేదు.

ఆ రాత్రి మేము పప్పు, పచ్చి పులుసుతో భోజనము చేసితిమి. ప్రార్థనలో ఆ పిల్లవాడు మొదటిసారి నోరు తెరచి, హైదరాబాదులోనున్న తండ్రి కొరకు ప్రార్థించెను. మీరును మీ ఇండ్లకు దూరమున కష్టపడుచున్న తండ్రులను, తల్లులను ఈ నెల మీ ప్రార్థనలలో జ్ఞాపకము చేసికొనుడి.