గోడ మీద ఎవరి చెయ్యి?
పెనుమూడి దగ్గర ఓ రెండో తరగతి గోడ మీద కాలాల చార్టు చూశాను. టీచరమ్మ పింటరెస్టులో చూసి అర్ధరాత్రి దాకా కూర్చుని చేశారట, ముచ్చటగా ఉంది. చలికాలమంటే మంచుబొమ్మ, ఆకులు రాలే కాలమంటే ఎర్రటి మేపుల్ ఆకు. కిటికీ అవతలేమో కృష్ణమ్మ, పులిగడ్డ వైపు సాగిన వారధి. ఈ పిల్లలకు చలికాలమంటే వరి కుప్పలు, ఏటి మీద పొగమంచు. పరాయి మంచు సంగతి ఎవరైనా అంటారు. నాకు గుచ్చుకున్నది వేరే: ఆ చార్టులో ఒక్క పిల్లవాడి గీత కూడా లేదు. 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలు పెట్టుకుంది. పరిసరాలను వాడుకోవడం ఒకటి, పిల్లలు చేసినవాటిని తరగతిలో ప్రదర్శించడం ఇంకొకటి. 2010లో వచ్చిన పింటరెస్టులోని తరగతి ఫొటోల్లో మాత్రం నాకు ఎక్కువగా కనబడేది టీచరు చేతి పనితనమే. వంకర గీతలు, చెరిపిన మరకలు అక్కడ కంటికి ఆనవు. నాకైతే ఆ వంకర గీతే పాఠం; ఓ పిల్ల పడవకు తెడ్డు ఎక్కడ గీసిందో చూస్తే ఆ పిల్లకు ఏం తెలుసో, ఎక్కడ తడబడుతోందో తెలిసిపోతుంది. అందుకే టీచరమ్మతో అన్నాను: ఐడియా చూడండి తల్లీ, చూశాక ఫోను బోర్లించి ఖాళీ చార్టు పిల్లల ముందు పరవండి. మళ్లీ వెళ్లేసరికి మేపుల్ ఆకు మీద ఎవరో తాటాకు ముక్క అతికించారు. జిగురు ఇంకా తడిగానే ఉంది.