గిరాకీకి ఒక బండి తక్కువ

తెలుగులో ఒక చిత్రమున్నది. ‘వెలలేనిది’ అంటే వెల కట్టనలవి కానంత గొప్పదని అర్థం. ‘విలువలేనిది’ అంటే పనికిమాలినదని అర్థం. వెల, విలువ అనే మాటలను నిత్యవ్యవహారంలో ఒకదానికొకటి బదులుగా వాడుకొంటూనే ఉన్నా, ‘లేదు’ అనవలసి వచ్చేసరికి మన భాష వాటిని చెరొక దిక్కున నిలబెట్టింది. ఇంతటి వివేకం మాటలోనే ఇమిడి ఉన్నవాళ్ళం, ‘అన్ని కోట్లు పోసి కొంటున్నారంటే అందులో ఏదో విలువ ఉండకుండా ఉంటుందా?’ అని వాదించడం నాకు వింతగా తోస్తుంది. ఫెరారీ, లంబోర్గీని, బుగాటీ వంటి విలాసపు స్పోర్ట్స్ కార్ల విషయంలో ఈ వాదాన్ని చదువుకొన్నవారి నోటనే తరచుగా వింటున్నాను. మిత్రులారా, ఆ కార్లు ఆ వెల చేస్తాయా? చేయవని నా పక్షం.

ముందుగా వాటికి న్యాయంగా దక్కవలసిన మెప్పును దక్కనిద్దాం. పనితనాన్ని చూసి కూడా పెదవి విరిచేవాడిని విమర్శకుడనరు, అసూయాపరుడంటారు. 2005లో వెలువడిన బుగాటీ వెయ్‌రాన్‌నే తీసుకోండి. 16 సిలిండర్లు, 4 టర్బోలు, 1001 అశ్వశక్తి, గంటకు 400 కిలోమీటర్లు దాటిన వేగం! ఆ యంత్రం పుట్టించే వేడిని చల్లార్చడానికే 10 రేడియేటర్లు అమర్చారు. పూర్తి వేగంతో పోనిస్తే 100 లీటర్ల పెట్రోలు ఇంచుమించు 12 నిమిషాల్లో ఆవిరైపోతుంది. దాని వెల 10 లక్షల యూరోలకు పైమాటే. అయినా పరిశోధనకూ తయారీకీ అయిన వ్యయమంతా లెక్కిస్తే, ఒక్కొక్క బండి మీద సంస్థ లక్షల యూరోలు నష్టపోయిందని పెట్టుబడుల విశ్లేషకులు అంచనా వేశారు. పదేళ్ళలో 450 బండ్లు చేసి ఆపేశారు. ఖర్చు లెక్కన చూస్తే వెయ్‌రాన్ కొన్నవాడిది చవకబేరమే.

ఈ ఉదాహరణ నా వాదానికి అడ్డు రాదు సరికదా, బలమిస్తుంది. ఈ అంగడిలో వెలకూ ఖర్చుకూ చుట్టరికం లేదని అదే సాక్ష్యం చెబుతున్నది. వెయ్‌రాన్‌ను ఖర్చుకంటె తక్కువకు అమ్మారు. మరి తక్కినవాటి సంగతి? లంబోర్గీని సంస్థ 1998 నుండి ఆడీ చేతిలో, అనగా ఫోక్స్‌వాగన్ కుటుంబంలో ఉన్నది. ఆ సంస్థ 2014 నుండి 2024 వరకు చేసిన హురకాన్, ఆడీ వారి రెండవ తరం ఆర్8 ఒకే ఇంటి బిడ్డలు. చట్రానికి పునాది ఒకటే, 5.2 లీటర్ల 10 సిలిండర్ల ఇంజను ఒకటే. రూపురేఖలూ సానబట్టిన తీరూ వేరు, నిజమే. అయితే ముక్కు మీద ఎద్దు బొమ్మ ఉన్నదానికి కొనుగోలుదారు చెల్లించిన అదనపు మొత్తమంతా ఆ సానకేనని నేను నమ్మలేను. అదే సంస్థ ఇప్పుడు అన్నిటికంటె ఎక్కువగా అమ్ముకొంటున్న ఉరుస్ అనే పెద్దబండికి ఆధారమైన ప్లాట్‌ఫాం ఆడీ క్యూ7 క్రింద కూడా ఉన్నది.

ఇక ఫెరారీ. ‘గిరాకీ ఎంత ఉన్నదో కనుక్కోండి, దానికి ఒక బండి తక్కువ చేయండి’ అన్నది సంస్థాపకుడు ఎంజో ఫెరారీ పేర చెప్పుకొనే సూత్రం. ఈ వ్యాపారానికంతటికీ ఇదే మూలమంత్రం. 2013లో లాఫెరారీ అనే బండిని చూపి 499 మాత్రమే అమ్ముతామన్నారు. డబ్బు పట్టుకొని వెళ్ళినవాడికల్లా ఇవ్వలేదు. అప్పటికే కొన్ని ఫెరారీలు కొని ఉన్న పాత ఖాతాదారులలోనుండి సంస్థే ఏరుకొన్నది. తరువాత 2016లో ఇటలీలో భూకంపం వస్తే, బాధితుల సహాయార్థం 500వ బండి చేసి వేలం వేశారు. అది 70 లక్షల డాలర్లు పలికింది. మంచిపనే, కాదనను. కాని ఇంకొకటి చేయలేక 499 దగ్గర ఆగలేదని దానితో ఋజువైనది కదా? చేయగలిగి ఉండీ చేయకపోవడమే వారు అమ్ముతున్న సరుకు.

2024లో ఫెరారీ ప్రపంచమంతటా పంపిన కార్లు 13,752. ఆ ఏటి నికరలాభం 152 కోట్ల యూరోలకు పైన. భాగించి చూస్తే బండికి లక్షా 10 వేల యూరోల లాభం. ఇందులో పందెపు జట్టుకు ప్రాయోజకులిచ్చే సొమ్ము, పేరు వాడుకొన్నందుకు వచ్చే సొమ్ము కూడా కొంత కలిసి ఉన్నదనుకొందాం. అయినా ఏటా కోటికి పైగా కార్లమ్మే టొయోటా వంటి సంస్థలు ఒక కారు మీద ఇంత మిగుల్చుకోవడం కలలో మాట. ఈ మిగులు ఉక్కుది కాదు, ఇంజనుది కాదు, కమ్మరి చెమటది కాదు. తక్కినవారికి దొరకకపోవడానికి కట్టిన రుసుము.

‘వేగానికి కడుతున్నాం’ అంటారా? ఆ మాటకు ఇప్పుడు నూకలు చెల్లాయి. ఫోన్లు చేసి పేరు తెచ్చుకొన్న షావొమీ అనే చైనా సంస్థ 2025లో ఎస్‌యూ7 అల్ట్రా అనే విద్యుత్ కారును 5,29,900 యువాన్లకు అమ్మకానికి పెట్టింది. 1,548 అశ్వశక్తి. జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ పందెపుబాటను ఆ ఏడే 7 నిమిషాల 5 సెకన్ల లోపు చుట్టివచ్చి, అంతకు ముందు పోర్షే టైకాన్ చూపిన కాలాన్ని వెనక్కు నెట్టింది. వేగమే సరుకైతే, వేగం ఇంత చవకైన రోజున తక్కిన బండ్ల వెలలు కూలిపోవాలి. కూలలేదు. భారతంలో ఋతుపర్ణుడు బాహుకుడు ఎంచిన బక్కగుర్రాలను చూసి ‘ఇవేం గుర్రాలు?’ అని చిరాకుపడ్డాడు. ఆ గుర్రాలే, జారిన ఉత్తరీయాన్ని తీసుకొందామనేలోపు ఆయనను ఆమడ దూరం దాటించాయి. ఋతుపర్ణునికి విదర్భ చేరడం ముఖ్యం కనుక నోరు మూసుకొని ఎక్కాడు. నేటి కొనుగోలుదారుకు చేరడం ముఖ్యం కాదు, ఏ గుర్రాన్ని కట్టామో నలుగురూ చూడడం ముఖ్యం.

పైగా ఆ వేగాన్ని ఎక్కడ ఖర్చుపెడతారు? హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉన్నది. దాని మీద గరిష్ఠవేగాన్ని 2023లో 100 నుండి 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ 120ని ఎనిమిది లక్షల పాత మారుతి కూడా అందుకొంటుంది. 300 దాటే బండి కొన్నవాడు న్యాయంగా నడిపినన్నాళ్ళూ, వెల పెట్టిన వేగంలో సగానికి పైగా ఇంట్లోనే అట్టిపెట్టాలి. అట్టిపెట్టకపోతే నేరం. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్లు, కొట్టంలో కట్టేసినా టైర్లకూ బీమాకూ మరమ్మతుకూ మాత్రం లోటు ఉండదు.

మన దేశంలో ఈ లెక్క మరింత విడ్డూరం. 2025 బడ్జెట్టు తరువాతి లెక్క ప్రకారం విదేశంలో పూర్తిగా తయారై వచ్చే ఖరీదైన కారుకు దిగుమతి సుంకం, సెస్సు కలిసి 110 శాతం. ఆ ఏడు సెప్టెంబరు 22 నుండి పెద్దకార్లకు జీఎస్‌టీ 40 శాతం. నూరు రూపాయల బండి మీద 110 వేసి, వచ్చిన 210 మీద 40 శాతం కడితే 294 రూపాయలు. దుకాణదారు లాభమూ రోడ్డు పన్నూ ఇంకా చేరనేలేదు. అనగా మనవాడు కట్టే మూడు రూపాయలలో ఇంచుమించు రెండు పన్నులే. బండి ఎంత గొప్పదైనా, నూరుకు విలువైనదే 294కూ విలువైనదని ఏ తర్కం చెబుతుంది?

ఇక పూర్వపక్షాలు.

‘వాడి డబ్బు, వాడి ఇష్టం, మధ్య నీకెందుకు?’ అనేది మొదటిది. కొనవద్దని నేను శాసనం చేయడంలేదు. వెల చేస్తుందా అన్నది ప్రశ్న. కొనే హక్కు ఉండడం వేరు, కొన్నది తగిన బేరం కావడం వేరు. ఈ రెంటినీ కలగలిపి మాట్లాడేవారు ప్రశ్నకు జవాబు చెప్పడంలేదు, ప్రశ్నించేవాడి నోరు మూయిస్తున్నారు.

‘ఆ బండ్లలో పుట్టిన విద్య రేపు సామాన్యుడి కారులోకి వస్తుంది’ అనేది రెండవది. కొంత నిజం. 1953లో జాగ్వార్ సీ-టైపు డిస్క్ బ్రేకులతో లె మాన్ పందెం గెలిచింది. ఈనాడు మన ఊరి కారుకూ అవే బ్రేకులు. అయితే అది పందెపుబాట చేసిన ఉపకారం. ఎవరో శ్రీమంతుడు తలుపు తీసి నిలబెట్టి ఫోటో తీయించుకొన్నందువల్ల వచ్చిన ఉపకారం కాదు.

‘ఇది కళ. గద్వాల చీరకూ బొబ్బిలి వీణకూ ఎక్కువ పెట్టమా?’ అనేది మూడవది. వీటన్నిటిలోకీ గట్టిది ఇదే కనుక నిదానంగా చెబుతాను. బొబ్బిలి వీణను ఒకే పనసదుంగ తొలిచి చేస్తారు. చేతికి ఎన్ని రోజులు పడుతుందో అన్ని రోజుల కూలి దాని వెలలో ఉంటుంది. చీర నేసేవాడు ఇంకొక చీర నేయగలిగి ఉండీ, పొరుగింటి ఇల్లాలికి దొరకకూడదని మగ్గం ఆపడు. వారి సరుకు అరుదైనదంటే చేతికి అంతకంటె చేతకాక. ఇక్కడి అరుదుతనం చేతనై ఉండీ తలపెట్టినది. రెండూ ఒకటే అనడం చేనేతకు అవమానం.

‘ఇది ఖర్చు కాదు, పెట్టుబడి, పాతబడ్డకొద్దీ పెరుగుతుంది’ అనేది నాలుగవది. ఏనుగు చచ్చినా వెయ్యే, బ్రతికినా వెయ్యే అన్నట్లు కొన్నిటికి జరిగిన మాట నిజం. 1962–64 నడుమ 36 మాత్రమే చేసిన ఫెరారీ 250 జీటీఓలలో ఒకటి 2018 వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. 1955 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ కూపే 2022లో 13 కోట్ల 50 లక్షల యూరోలకు పోయింది. అవి లోకంలో రెండే ఉన్నాయి. చచ్చిన ఏనుగుకు వెయ్యి వచ్చేది దంతానికి. ఈ బండ్లకు వచ్చేది అరుదుతనానికి. మిగిలిన వేలాది బండ్లు ఏ కారులాగానో కొన్న మర్నాటినుండే అరుగుతాయి. పైగా ‘ముందు ముందు ఇంకొకడు ఇంతకంటె ఎక్కువ పెడతాడు’ అనేది వస్తువు విలువకు ఋజువు కాదు, ఆ ఇంకొకడి మీద ఆశ.

మన పెద్దలకు విలాసవాహనం తెలియక కాదు. కుబేరుని పుష్పకాన్ని మించిన బండిని ఏ ఇటలీ సంస్థ చేసింది? కాని ఆ పుష్పకాన్ని గురించి మనం తరతరాలుగా చెప్పుకొంటున్నది దాని వేగం కాదు, వెల కాదు. ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందని! గొప్ప వాహనమంటే మనవాళ్ళ ఊహకు అందినది అది. గిరాకీకి ఒకటి తగ్గించి, రెండే ఆసనాలు వేసి, మూడవవాడు చూస్తూ నిలబడితేనే గొప్ప అనుకొనే వాహనం దానికి సరిగ్గా ఎదురు.

ఇదంతా డబ్బున్నవారి ముచ్చట, మనకేమి అంటారేమో. మనకు ఉన్నది. 2024 మే 19 తెల్లవారుజామున పుణెలోని కల్యాణీనగర్‌లో ఒక పోర్షే టైకాన్ మోటారుసైకిలును ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. నడిపినది 17 ఏళ్ళ బాలుడని పోలీసులు చెప్పారు. ఆ బండికి 1,758 రూపాయల రుసుము కట్టక శాశ్వత రిజిస్ట్రేషనే పూర్తికాలేదని రవాణాశాఖ తెలిపింది. కోట్ల బండి, పదిహేడువందల రుసుము! బాలన్యాయమండలి మొదట బెయిలిస్తూ పెట్టిన షరతులలో ఒకటి, రోడ్డు ప్రమాదాలపై 300 మాటల వ్యాసం వ్రాయడం. దేశం భగ్గుమన్నాక ఆ ఉత్తర్వును మార్చారు.

జీవితమంతా పిల్లల వ్యాసాలు దిద్దినవాడిని కనుక ఆ షరతు నన్ను నేటికీ గ్రుచ్చుతున్నది. వ్యాసం శిక్ష కాదు. చావుకు మూల్యం అంతకంటె కాదు. లారీ చంపదా, ఆటో చంపదా అంటే చంపుతాయి. ఖరీదైన కార్లున్నవారందరూ దుర్మార్గులని కూడా నేననను. కాని లారీని ఎవరూ పిల్లవాడికి ఆదర్శంగా చూపరు. ఈ బండినే చూపుతున్నాం. గోడమీద బొమ్మగా అంటిస్తున్నాం, పాటలో నాయకుడిని అందులోనుండే దింపుతున్నాం, ‘బాగా చదివితే ఇలాంటిది కొనుక్కోవచ్చు’ అని ఊరిస్తున్నాం. తక్కినవారికి లేకపోవడమే గొప్ప అని నేర్చిన పిల్లవాడు, తక్కినవారికి ఉన్న నియమం కూడా తనకు లేదనుకొంటే తప్పు ఎవరిది?

కనుక, మీ ఇంట పిల్లలు ఆ బొమ్మ చూపి ‘తాతయ్యా, ఇది ఎంత?’ అని అడిగితే వెల చెప్పండి, దాచవద్దు. వెంటనే ఆ వెలలో ఇంజనుకెంత, పన్నుకెంత, ఇంకొకరికి దొరకనందుకెంత అన్న లెక్క కూడా వేయించండి. లెక్క వేశాక కూడా వాడికి ఆ ఇంజను మీద మనసుపోతే సంతోషించండి. ఇంజనీరు అవుతాడేమో. ఆ బండ్లను ఎరిగినవారూ, ఎక్కినవారూ నా వాదంలో దోషముంటే నిర్మొగమాటంగా వ్రాయగలరు. మర్యాదగా వ్రాసిన ప్రతివాదానికి తప్పక బదులిస్తాను.