తల్లి ఏది?

ఇప్పటిదాకా ఇక్కడ వంటల గురించి, అమ్మమ్మ కబుర్ల గురించి, విభక్తులతో నేను పడే తిప్పల గురించి రాశాను. ఇవాళ మొదటిసారి తెలుగులో పోట్లాడబోతున్నాను. భాషలో తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి. కానీ ఈసారి అక్కడితో ఆగకండి, విషయం మీద కూడా మీ మాట చెప్పండి.

నా వాదన ఇది: పెట్ స్టోర్లలో కుక్కపిల్లల్ని, పిల్లికూనల్ని అమ్మనివ్వకూడదు. మా వర్జీనియాలో చట్టం చేసి దీన్ని ఆపాలి.

నాకు పదకొండేళ్ళప్పుడు అమ్మమ్మ తెనాలి నుంచి హెర్న్‌డన్ వచ్చింది. అప్పట్లో నాకు తెలుగు అర్థమయ్యేది కానీ నోరు తిరిగేది కాదు. ఒక శనివారం అందరం కలిసి ఒక షాపుకి వెళ్ళాం. అద్దాల వెనక కాగితం ముక్కల మీద కుక్కపిల్లలు పడుకుని ఉన్నాయి. చెవులు వేలాడేసుకుని, తెల్లగా ఉన్న ఒకదాన్ని తీసి నా చేతుల్లో పెట్టారు. ఇంకేముంది, అయిపోయింది. నాన్న వాయిదాల కాగితాల మీద సంతకాలు పెడుతుంటే అమ్మమ్మ నా భుజం తట్టి, "దీని తల్లి ఏది నాన్నా? అడుగు వాళ్ళని" అంది.

నేను ఇంగ్లీషులో అడిగాను. కౌంటర్ దగ్గర ఉన్నాయన కాగితం చూసి మిస్సోరీ అన్నాడు.

"అంటే పక్క ఊరా?" అంది అమ్మమ్మ. కాదు, దాదాపు వెయ్యి మైళ్ళు.

ఆ రోజు కారులో అమ్మమ్మ ఒక సామెత చెప్పింది. తల్లిని చూసి పిల్లని, పాడిని చూసి బర్రెని తెచ్చుకోవాలట. ఇది పెళ్ళిసంబంధాల సామెత. ఆ సంగతి మీద నాకు అమ్మమ్మతో వేరే తగాదా ఉంది, అది ఇంకోసారి. కుక్కపిల్లల విషయంలో మాత్రం ఇంతకంటే మంచి చట్టం ఎవరూ రాయలేరని ఇప్పుడు అనుకుంటున్నాను.

పిల్లకి బూరె అని పేరు పెట్టాం. మూడో రోజుకే దగ్గు మొదలైంది. న్యుమోనియా అన్నారు. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంచాం. ఏడాది తిరగకముందే వెనక కాలు ఎత్తి కుంటడం మొదలుపెట్టింది. మోకాటి చిప్ప జారిపోతోందని, ఇలాంటిది పుట్టుకతోనే వస్తుందని డాక్టరు చెప్పింది. ఆపరేషన్ ఖర్చు బూరె ధరని దాటిపోయింది. నాన్న షాపుకి ఫోన్ చేస్తే, "గ్యారంటీ ఉందండీ, దీన్ని తిరిగి ఇచ్చేస్తే ఇంకో పిల్లని ఇస్తాం" అన్నారు. చిరిగిన చొక్కా మార్చి ఇచ్చినట్టు! నాన్న ఫోన్ పెట్టేశాడు. బూరె ఇప్పటికీ ఉంది. పదమూడేళ్ళ ముసలిది. ఇది రాస్తుంటే నా కాళ్ళ దగ్గరే గురక పెడుతోంది.

ఒక్క కుక్కకి జబ్బు చేసిందని అన్ని షాపులూ మూయాలా అని మీరు అడగొచ్చు. న్యాయమే. నా గొడవ బూరె దగ్గు గురించి కాదు, అమ్మమ్మ ప్రశ్న గురించి. ఆ షాపులో ఎవరికీ ఆ తల్లి ఎలా ఉందో తెలియదు. తెలియకుండా ఉండటం మీదే ఆ వ్యాపారం నడుస్తోంది.

అది నడిచే పద్ధతి చూడండి. పెంపకందారు పిల్లల్ని దళారీకి అమ్ముతాడు. దళారీ షాపుకి అమ్ముతాడు. ఎనిమిది వారాలు నిండి పాలు మరిచిన పిల్లని రవాణా చేయొచ్చని ఫెడరల్ నియమం. అంటే అప్పటిదాకా తల్లిని అంటిపెట్టుకున్న పిల్ల, లారీలో మిగతా పిల్లల మధ్య కూర్చుని రాష్ట్రాలు దాటుతుంది. ఒకరి దగ్గు అందరికీ అంటుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉంటుందా? రోగాలు కుక్కలతో ఆగవు కూడా. 2016-18 మధ్య క్యాంపిలోబ్యాక్టర్ అనే విరేచనాల బ్యాక్టీరియా వందమందికి పైగా మనుషులకి సోకింది. చాలా యాంటీబయాటిక్స్‌కి లొంగని రకం. అమెరికా ఆరోగ్య శాఖ వాళ్ళు ఆరా తీస్తే అది పెట్ స్టోర్ కుక్కపిల్లల దగ్గర తేలింది.

మరి తల్లి? 1966 నాటి జంతు సంక్షేమ చట్టం కింద బోను కొలతకి ఒక లెక్క ఉంది. ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి, దానికి ఆరు అంగుళాలు కలిపి, వచ్చిన దాన్ని దానితోనే గుణించాలి. 24 అంగుళాల కుక్కకి 30 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పు వస్తుంది. చదరపు అడుగుల్లో ఆరుంబావు. నేను టేపు పెట్టి కొలిచాను. మా డైనింగ్ టేబుల్‌లో సగం కూడా లేదు. ఒక జీవి ఏళ్ళ తరబడి అంత చోటులో ఉన్నా చట్టప్రకారం అది తప్పు కాదు.

ఇక్కడ నాకొక కొత్త మాట దొరికింది. 'ఈత' అంటే నీళ్ళలో కొట్టేదే అనుకున్నాను. జంతువు ఒకసారి ఈనడం కూడా ఈతేనట. ఇండియాలో 2017లో వచ్చిన కుక్కల పెంపకం నియమాలు తల్లికుక్కకి జీవితంలో ఐదు ఈతలకి మించకూడదంటాయి. అమెరికా ఫెడరల్ చట్టంలో అలాంటి లెక్కే లేదు. ఇండియాలో నియమాలు సరిగ్గా అమలవుతున్నాయని నేను అనడం లేదు. కానీ కాగితం మీదైనా అక్కడ తల్లి ఉంది. ఇక్కడ కాగితం మీద కూడా లేదు.

"షాపులు లైసెన్సు ఉన్నవాళ్ళ దగ్గరే కొంటాయి కదా" అంటాడు మా నాన్న. లైసెన్సు మాటకి మా రాష్ట్రమే జవాబు చెప్పింది. కంబర్లాండ్ కౌంటీలో ఎన్విగో అనే కంపెనీ ప్రయోగశాలల కోసం బీగిల్ కుక్కల్ని పెంచేది. పెట్ స్టోర్ల కోసం కాదు, నిజమే. కానీ దానికీ అదే శాఖ లైసెన్సు, అదే చట్టం, అవే తనిఖీలు. తనిఖీల్లో తప్పుల మీద తప్పులు రాశారు. 2022లో న్యాయశాఖ కోర్టుకి వెళ్ళాక గానీ సుమారు 4,000 బీగిల్స్ బయటికి రాలేదు. 2024లో కంపెనీ నేరం ఒప్పుకుని, మొత్తం 3.5 కోట్ల డాలర్లకి పైగా కట్టడానికి అంగీకరించింది. లైసెన్సు అంటే చూసుకుంటున్నారని కాదు. చూడటానికి ఒకాయన అప్పుడప్పుడు వస్తాడని, అంతే.

"అయితే పెంపకందార్ల మీద చట్టం కఠినం చెయ్యి, షాపు జోలికెందుకు?" ఇది నాన్న రెండో బాణం, గట్టిదే. వర్జీనియా ఆ పని చేసింది కూడా. 2007లో హిల్స్‌విల్ దగ్గర ఒకే చోట సుమారు వెయ్యి కుక్కలు బయటపడ్డాయి. మరుసటి ఏడాది చట్టం వచ్చింది: వాణిజ్య పెంపకందారు దగ్గర ఈనడానికి ఉంచిన, ఏడాది దాటిన కుక్కలు 50కి మించకూడదు. బాగుంది. కానీ ఆ చట్టం మిస్సోరీలో చెల్లదు కదా! వర్జీనియాలో 51వ కుక్క నేరం. అదే వేరే రాష్ట్రంలో 500 కుక్కలున్న చోట పుట్టిన పిల్లని ఇక్కడి అద్దాల వెనక పెడితే వ్యాపారం. తీవ్రమైన తప్పులు నమోదైన పెంపకందార్ల దగ్గర షాపులు కొనకూడదని మా చట్టంలో ఇంకో మాట ఉంది. అంటే తప్పు రాయించుకోనివాడు మంచివాడన్నమాట. ఇంటి ముందు తలుపు గడియ పెట్టి, దొడ్డి తలుపు తెరిచి పెట్టాం. మన చేతిలో ఉన్నది అమ్మే చోటు ఒక్కటే. అక్కడే ఆపాలి.

పొటోమాక్ నది అవతల మేరీలాండ్ 2020 జనవరి నుంచి ఆపింది. కాలిఫోర్నియా 2019 నుంచి, న్యూయార్క్ 2024 డిసెంబరు నుంచి. అక్కడ పెట్ స్టోర్లు తిండి, బొమ్మలు, పట్టీలు అమ్ముకోవచ్చు. షెల్టర్ కుక్కల్ని తెచ్చి దత్తత ఇప్పించొచ్చు.

"షాపులు మూస్తే జనం ఆన్‌లైన్‌లో మోసపోతారు." దీనికి జవాబు అమ్మమ్మ దగ్గరే ఉంది. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి లూసీ చట్టం అమల్లో ఉంది. లూసీ అనేది వేల్స్‌లో ఒక పెంపకం కేంద్రం నుంచి రక్షించిన తల్లికుక్క పేరు. ఆరు నెలల లోపు కుక్కపిల్లనైనా పిల్లికూననైనా మధ్యవాళ్ళు వ్యాపారంగా అమ్మకూడదు. పెంచినవాడి దగ్గరే, తల్లి పక్కన ఉండగా చూసి కొనుక్కోవాలి. షాపైనా వెబ్‌సైటైనా ఇదే మాట. తెనాలి సామెతని ఇంగ్లండ్ వాళ్ళు చట్టం చేసుకున్నారు!

చూడండి, కొనడమే పాపం అని నేను అనడం లేదు. తల్లిని చూపించి, "మీరు రోజంతా ఆఫీసులో ఉంటే వీడిని ఎవరు చూస్తారు?" అని ఎదురు ప్రశ్నించే పెంపకందార్లు ఉన్నారు. వాళ్ళ దగ్గర కొనుక్కోండి. పిల్లికూనలకైతే అసలు డబ్బు పెట్టే అవసరమేముంది? వసంతం వచ్చిందంటే షెల్టర్లు కూనలతో నిండిపోతాయి. అమ్మమ్మ వాళ్ళ అటక మీద పిల్లి కూనల్ని పెట్టేది. ఏడిళ్ళు తిప్పేది. పాలు మానాక కావాలన్నవాళ్ళు తలా ఒకటి పట్టుకెళ్ళేవాళ్ళు. రసీదులు లేవు, వాయిదాలు లేవు.

ఇప్పుడు మనవాళ్ళ గురించి ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మా హెర్న్‌డన్‌లో ఎవరింట్లో కుక్క కనిపించినా రెండే ప్రశ్నలు: "ఏ బ్రీడ్?", "ఎంత పడింది?" దాని పేరు మూడో ప్రశ్న. షెల్టర్ నుంచి తెచ్చామంటే, "అయ్యో, జాతికుక్క కాదా?" అంటారు. జాతి అనే మాటతో మనుషుల్ని చేసింది చాలదా? కుక్కల్ని వదిలేద్దాం. తెలుగులో కుక్కని 'పెంచుకుంటున్నాం' అంటాం. ఆ మాటలో ధర లేదు, పని ఉంది. నాకు ఆ మాట ఇష్టం.

మా పిన్ని కూతురికి వచ్చే నెల పదేళ్ళు. కుక్కపిల్ల కావాలంటోంది. బాబాయ్ ఒక షాపు ఫోటోలు పంపి, "ఏది బాగుంది?" అని అడిగాడు. వెస్ట్ ఆక్స్ రోడ్డులో ఉన్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ షెల్టర్‌కి శనివారం నేను తీసుకెళ్తానన్నాను. ఇంకా జవాబు రాలేదు. వర్జీనియాలో ఉన్నవాళ్ళు జనవరిలో రిచ్‌మండ్‌లో శాసనసభ మొదలయ్యే లోపు మీ ప్రతినిధికి ఒక ఉత్తరం రాయండి. ఇంగ్లీషులోనే రాయండి, ఫరవాలేదు.

బూరె కాగితాలు నిన్న మళ్ళీ తీసి చూశాను. తండ్రి అని ఉన్న చోట ఒక నంబరు. తల్లి అని ఉన్న చోట ఇంకో నంబరు. ఆ తల్లి ఇప్పుడు బతికి ఉండదు. అమ్మమ్మ అడిగింది ఆమె గురించే. ఆ రోజు ఆ ప్రశ్నని నేను ఇంగ్లీషులోకి మార్చి, జవాబు విని, పిల్లని ఇంటికి తెచ్చేసుకున్నాను. మీరు తేకండి.