కర్బన ఖాతా సంఘాల చేతికివ్వాలి

సున్నా ఉద్గారాల మాటెత్తితే తిరుపతి వాసులకు 2022 నుంచి ఘాట్‌ రోడ్డు ఎక్కుతున్న ఎలక్ట్రిక్‌ బస్సులు గుర్తొస్తాయి, 2002లో తిరుమల అన్నప్రసాద వంటశాలకు అమర్చిన సౌర ఆవిరి వ్యవస్థ గుర్తొస్తుంది. రెండూ మెచ్చదగినవే. అయితే ఉమ్మడి చిత్తూరు జిల్లా పాడిపశువుల సీమ. ఇక్కడ లెక్క మారాలంటే కొట్టం దగ్గర, పొయ్యి దగ్గర, చెనక్కాయ చేలో మారాలి. అక్కడిదాకా చేరగలిగేది ఊరి సంఘాలే.

ఇందుకు దారి చూపినవాళ్లు దూరాన లేరు. మదనపల్లెకు పడమటగా సరిహద్దు దాటిపోతే తెలుగు మాట్లాడే బాగేపల్లి వస్తుంది. అక్కడి కూలీ సంఘం, అడాట్స్‌ సంస్థ కలిసి 5,500 ఇళ్లకు పేడ గ్యాస్‌ ప్లాంట్లు కట్టే పథకాన్ని 2005 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో నమోదు చేయించాయి. కట్టెలు, కిరోసిన్‌ మానేసిన ఇల్లు ఎంత ఉద్గారాన్ని ఆపిందో లెక్కగట్టి, దాన్ని కర్బన క్రెడిట్లుగా అమ్మడమే ఆ పథకం. కూలికి పోయే కుటుంబాలు ప్రపంచ విపణిలో అమ్మకందారులయ్యాయి. చిన్న సంగతి కాదిది.

కష్టమూ ఉంది. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ సుమారు 50 కిలోల పేడ, దాదాపు అన్ని నీళ్లు కావాలి. కరువొచ్చి ఆవుల్ని సంతకు తోలితే ప్లాంటు మూలపడుతుంది. అందుకే కట్టేసి వెళ్లిపోయే పథకాలు చాలవు. మరమ్మతు చేసే మేస్త్రీకి, లెక్క రాసే అమ్మాయికి సంఘమే జీతం ఇవ్వగలగాలి.

చేలల్లో ఆ బలం ఇప్పటికే ఉంది. 2016లో రైతు సాధికార సంస్థ చేపట్టిన ప్రకృతి వ్యవసాయానికి మహిళా సంఘాలే వెన్నెముక. 2024 గుల్బెంకియన్‌ పురస్కారంలో దానికీ వాటా దక్కింది. యూరియా వేసిన నేల నుంచి వెలువడే నైట్రస్‌ ఆక్సైడ్‌, వందేళ్ల లెక్కన, బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 273 రెట్లు వేడి పెంచుతుంది. యూరియా మానేసి ఘన జీవామృతం చల్లిన మహిళా రైతు ఆ మేరకు లోకానికి మేలు చేస్తోంది. ఆ మేలుకు ధర కట్టే తూకం మార్కెట్‌ యార్డులో లేదు.

ప్రకృతి వ్యవసాయ ఉత్పత్తులు కొనేందుకు టీటీడీ 2021లోనే రైతు సాధికార సంస్థతో ఒప్పందం చేసుకుంది. దాన్ని తిరుపతి, చిత్తూరు జిల్లాల సంఘాలతో ఐదేళ్ల ముందస్తు కొనుగోళ్లుగా విస్తరించాలి. కర్బన క్రెడిట్ల ఆదాయం వస్తే అది దళారీల ఖాతాలో కాకుండా గ్రామ సమాఖ్య ఖాతాలోనే పడాలని ప్రభుత్వం ఉత్తర్వులో రాయాలి. ఏ ఊళ్లో ఎంత తగ్గిందో, ఎంత వచ్చిందో ఏటా గ్రామసభలో చదివి వినిపించాలి.